తిరుపతి నుంచి నామ్‌పెన్: మహాలయ పక్షంలో ఒక ప్రయాణం

మహాలయ పక్షంలో ప్రయాణమేందిరా అని మా చిన్నాయన కోప్పడినాడు. టికెట్లు చవగ్గా దొరికేది అప్పుడే. అమ్మను తీసుకుని తిరుపతి నుంచి చెన్నై, బ్యాంకాక్ మీదుగా కంబోడియా రాజధాని చేరాను.

గెస్ట్‌హౌస్ గది శుభ్రంగానే ఉంది. కానీ లిఫ్ట్ ఉందని చెప్పి, లేని బిల్డింగులో మూడో అంతస్తు ఇచ్చారు. అమ్మ మోకాళ్ళకు అదే అలిపిరి మెట్లయింది. శాకాహారం అని చెప్పినా చేపల సాస్ పడుతుంది; నిమ్మకాయ ఊరగాయ మోసుకెళ్ళి బతికిపోయాం. చిరిగిన డాలరు నోటు ఎవరూ తీసుకోరు.

ముందు తువోల్ స్లెంగ్ చూడండి, సగం రోజు పెట్టుకోండి. అదొకప్పుడు హైస్కూలు. 1975-79 మధ్య దేశాన్నేలిన పోల్ పాట్ కమ్యూనిస్టు ముఠా, ఖ్మేర్ రూజ్, దాన్ని జైలు చేసింది. తరగతి గదుల్లో ఇరుకైన ఇటుక గూళ్ళు. పైనుంచి దూకి చావకుండా వరండాలకు ముళ్ళకంచె. నేను చిత్తూరులో లెక్కల అయ్యవారిని. ఆ జైలు నడిపిన డుయిక్ అనే అధికారి కూడా ఒకప్పుడు లెక్కలు చెప్పినవాడేనని తెలిసి కాసేపు బయటికొచ్చి కూర్చున్నా.

ఆ జైలు ఖైదీలను చంపి పూడ్చిన చోటు చోయుంగ్ ఎక్, ఊరికి 15 కిలోమీటర్లు. 129 గోతుల్లో 86 తవ్వి, 8,985 మంది అవశేషాలు తీశారు. పుర్రెలు అద్దాల స్తూపంలో ఉన్నాయి. వాన పడితే మట్టిలోంచి గుడ్డపీలికలు ఇప్పటికీ తేలతాయి. దారిలో ఒక నీలం పీలిక మేమే చూశాం. ఆడియో గైడ్ తప్పక తీసుకోండి. మే 20న ప్రభుత్వ స్మారక దినానికి ఇక్కడ ఆ హత్యలను నటించి చూపిస్తారట. నాకది నచ్చలేదు.

నచ్చింది వేరే. వాళ్ళకూ ఇదే పక్షం, ప్చుమ్ బెన్ అంటారు. బెన్ అంటే మన పిండమే. తెల్లవారుజామున నాలుగింటికి టుక్‌టుక్ అబ్బాయి మమ్మల్ని గుడికి తీసుకెళ్ళాడు. దిక్కులేని ప్రేతాల కోసం చీకట్లోకి నువ్వులు కలిపిన అన్నం ముద్దలు విసురుతున్నారు. వాళ్ళ తాత ఏ రోజు పోయాడో ఇంట్లో ఎవరికీ తెలియదని ఫోన్లో అనువాదం చేసి చూపించాడు.

"తిథి తెలీకపోతే అమాసకు పెడతారు నాయనా," అనింది అమ్మ తెలుగులోనే. అతను తలూపాడు.

అమావాస్యకు తిరుపతి వచ్చేశాం. కపిలతీర్థంలో నాన్నకు పెట్టాక, "ఇంకొకటి పెట్టరా," అనింది. పంతులుగారు గోత్రం అడిగారు.

"తెలీదు సామీ."

ఆయన ఒక క్షణం ఆమె వైపు చూసి, నా చేతిలో మళ్ళీ నువ్వులు పోశారు.