ప్రశ్నలు వేయడం నేర్పడానికి ఏ చార్టు మేలు?

"ఎవరికైనా డౌట్లున్నాయా?" అని అడగగానే క్లాసంతా తలలు దించుకుంటుంది. డౌట్లు ఉంటాయి, వాటిని ప్రశ్నగా మార్చడం చేతకాదు. ఆ పని నేర్పడానికే గడులు, గీతలు గీసి నింపించే చార్టులున్నాయి. గ్రాఫిక్ ఆర్గనైజర్లు అంటారు వీటిని. నేను వాడి చూసినవి మూడు.

అందరికీ తెలిసింది కె.డబ్ల్యు.ఎల్. చార్టు. అమెరికా విద్యావేత్త డోనా ఓగల్ 1986లో దీన్ని పరిచయం చేశారు. మూడు నిలువు గడులు: నాకు తెలిసింది (Know), తెలుసుకోవాలనుకుంటున్నది (Want), పాఠం అయ్యాక నేర్చుకున్నది (Learned). గీయడం నిమిషం పని. చిక్కంతా మధ్య గడితోనే. విత్తనం మొలకెత్తడం గురించి అసలేమీ తెలియని పిల్లవాడు అక్కడ ఏం రాస్తాడు? "విత్తనం అంటే ఏమిటి?" అని రాసి పెన్ను మూసేస్తాడు. ఈ చార్టు ప్రశ్నలు రాయమంటుందే గానీ, ఎలా పుట్టించాలో చెప్పదు.

రెండోది ఆరు కోణాల నక్షత్రం. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అని కోణానికో మాట. చిన్న క్లాసుల్లో కథ చెప్పాక బాగా పనికొస్తుంది. సైన్సు పాఠంలో మాత్రం "ఎవరు" కోణం ఊరికే ఖాళీగా ఉండిపోతుంది.

మూడోది క్యూ-మ్యాట్రిక్స్. అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు, మొత్తం 36 గడులు. ఒక వైపు ప్రశ్న పదాలు, మరో వైపు క్రియలు. పై మూలన ఉన్నవి "ఏమిటి, ఉంది" లాంటి తేలిక జంటలు, పుస్తకంలో వెతికితే జవాబు దొరుకుతుంది. కింది మూలకు వెళ్లేకొద్దీ "ఎందుకు, ఉండవచ్చు" లాంటివి వస్తాయి, వాటికి ఆలోచించక తప్పదు. ఇంగ్లీషులో ఈ రెండు మాటలూ వాక్యం మొదట్లోనే పడతాయి. తెలుగులో క్రియ చివరికి పోతుంది కాబట్టి గడిలో "ఎలా ... గలదు?" అని మధ్యలో ఖాళీ వదిలి రాయాలి. ఇది తెలియక నేను మొదటిసారి ఉన్నదున్నట్టు అనువదించి బోర్డెక్కించాను. పిల్లలు రాసినవి చదివితే నాకే అర్థం కాలేదు.

ఇందులో నాకు నచ్చింది ఇంకొకటుంది. మామూలుగా పిల్లలు "మొలుస్తుందా?", "నీళ్లు పోయాలా?" అని చివర దీర్ఘం తీసి వదిలేస్తారు. అవును, కాదు అంటే అయిపోయింది. మ్యాట్రిక్స్‌లో ఆ దారి లేదు. "మట్టి లేకుండా విత్తనం ఎలా మొలకెత్తగలదు?" అని అడగాల్సి వస్తుంది.

అయితే 36 గడులూ ఒకేసారి చూపిస్తే పెద్ద క్లాసు పిల్లలకు కూడా టెన్షనే. గడి నింపాలని అర్థంపర్థం లేనివి కూడా రాసేస్తారు. అందుకే నాలుగు గడులతో మొదలుపెట్టి, వారానికి రెండు చొప్పున పెంచుతాను.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు మ్యాట్రిక్స్‌కే. టైముంటే అందులో పుట్టిన ప్రశ్నల్లో బాగున్న మూడింటిని కె.డబ్ల్యు.ఎల్. మధ్య గడిలోకి ఎక్కిస్తాను. ఆ చార్టుకు నాలుగో గడి కూడా ఒకటి కలిపాను, పాఠం అయ్యాక కూడా జవాబు దొరకని ప్రశ్నల కోసం. ఇప్పుడు అందులో ఉన్న ప్రశ్న ఇది: "చీకట్లో మొలిచిన మొక్క అంత పొడుగ్గా, పాలిపోయి ఎందుకుంది?"