గుణదలలో పాపసంకీర్తనం: వెళ్లాలనుకునేవాళ్ల కోసం నా అనుభవం

మాది గుంటూరు వైపు పల్లె. పుట్టుకతో ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్లం. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్లకి బెజవాడలోని గుణదల మేరీమాత గుడికి వెళ్లడం, కొండెక్కి కొవ్వొత్తి వెలిగించి రావడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఫాదర్ గారి దగ్గర ఒప్పుకుని క్షమాపణ పొందడానికి, అక్కడ మోకరించింది మాత్రం ఈ తపస్సుకాలంలోనే (ఈస్టరుకి ముందు ఉపవాస రోజుల్లో).

మా విచారణలోనే (మా ఊరి గుడి పరిధిలోనే) చేసుకోవచ్చు కదా అంటారేమో. మా ఫాదర్ గారు మా ఇంట్లో భోంచేసే మనిషి, నా గొంతు ఆయనకి బాగా తెలుసు. సంకీర్తనంలో విన్నది బయటపెట్టిన గురువుని (ఫాదర్‌ని) శ్రీసభ, అంటే కతోలిక సంఘం, వెలివేస్తుందని తెలిసినా నాకు నోరు పెగల్లేదు. అంతకుముందు వేరే ఊళ్లో ఒక గుడికి వెళ్లాను. పండగ ముందు రోజు కావడంతో వరుస నా వీపు దాకా వచ్చేసింది. కోపపడ్డాననీ ఆదివారం పూజ మానాననీ చెప్పి, అసలుది మింగేసి లేచాను. ఆ ఫాదర్ గారూ ఏమీ అడగలేదు, మూడు మంగళవార్తలు (మరియమాత జపాలు) చెప్పుకోమన్నారు. తెలిసి దాచిపెడితే సంకీర్తనం చెల్లదని నాకు మొదటి సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా తీసుకునే అప్పం) క్లాసులోనే నేర్పారు. ఆ తర్వాత సత్ప్రసాదం తీసుకున్న ప్రతిసారీ గొంతు దిగేది కాదు.

దాచింది ఇదీ. అన్నయ్య పోయే ముందు ఏడు, మిరపకాయలు అమ్మిన డబ్బులో 80,000 నా దగ్గర ఉంచమని ఇచ్చాడు. వదినకి చెప్పకుండానే ఇచ్చాడు. ఉన్నట్టుండి ఆయన పోయాడు. నేనూ చెప్పలేదు. అలా ఆరేళ్లు గడిచాయి.

గుణదలకి వారం మధ్యలో, మామూలు రోజు చూసుకుని వెళ్లాను. మీరూ అలాగే వెళ్లండి. తిరునాళ్ల జనంలో మనసు కుదరదు. బెజవాడ బస్టాండులో దిగి ఆటో ఎక్కితే చాలు. ముందు మెట్లెక్కి, 1924లో అర్లాటి ఫాదర్ గారు నిలిపిన లూర్దుమాత స్వరూపం ఎదుట కూర్చుని ఆత్మపరిశోధన చేసుకున్నాను. పక్కనే ఒకావిడ, తలనీలాలిచ్చిన పిల్లాడి గుండుకి గంధం రాస్తోంది. వాడు చల్లగా ఉందని నవ్వుతున్నాడు. నాకేమో కాళ్లు వణుకుతున్నాయి.

కింద గుడిలో సంకీర్తనం వింటున్నది బాగా పెద్ద వయసు ఫాదర్ గారు. మెడలో గురువులు వేసుకునే ఊదారంగు పట్టీ (స్టోలు), దాని కొసన దారాలు ఊడి వేలాడుతున్నాయి. నేను మళ్లీ కోపం, పూజ మానడం దగ్గరే మొదలుపెట్టి ఆగిపోయాను. ఆయన లేవమనలేదు. కాసేపాగి, "ఇంకేమన్నా ఉందా అమ్మా?" అన్నారు. ఇంకాసేపు ఊరుకున్నారు. అప్పుడు చెప్పేశాను.

"ఆ డబ్బు ఇప్పుడెక్కడుంది?"

"ఖర్చయిపోయింది ఫాదర్. మా అమ్మాయి ఫీజు కట్టాను."

"మీ వదిన ఎలా బతుకుతోంది?"

"కూలికి పోతోంది."

ఆరేళ్లుగా తెలిసిన సంగతే. నా నోటితో నేను వినడం మాత్రం అదే మొదలు. ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు, తిట్టనూ లేదు. తిరిగిస్తావా అని అడిగారు. ఒక్కసారిగా ఇవ్వలేనంటే విడతలుగా ఇవ్వమన్నారు. మొదటి విడత ఎప్పుడిస్తావో ఇప్పుడే చెప్పమన్నారు. మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టరుకి ముందు ఆదివారం) లోపు అన్నాను. పాపాలకి పశ్చాత్తాపపడుతూ చెప్పే ఉత్తమ మనస్తాప జపం సగంలో మర్చిపోతే పక్కనుంచి అందించారు. పాపవిమోచనం చెప్పాక, ప్రాయశ్చిత్తంగా ఒకసారి సిలువమార్గం (యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ చేసే జపం) చేయమన్నారు.

ఇదేదో ఆయన సొంతంగా పెట్టిన షరతు అనుకోకండి. దొంగిలించిన సొమ్ము తిరిగివ్వాలని శ్రీసభ బోధనల పుస్తకం కతోలిక సత్యోపదేశం 1459వ పేరాలోనే ఉంది. బైబిల్లో సుంకరి జక్కయ్య అయితే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. నన్ను అడిగింది అసలు మాత్రమే. ఇన్నేళ్లలో నన్ను ఈ మాట అడిగిన గురువు ఆయనొక్కరే. అందుకే గుణదలకి ఐదు మార్కులకి ఐదూ వేస్తున్నాను.

రుసుమంటూ ఏమీ ఉండదు. గురువులు ఏ వేళకి కూర్చుంటారో ముందుగా అక్కడ కనుక్కోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుని చెప్పుకుంటామని అడగండి, మొహమాటపడొద్దు. చెప్పాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్తే మింగేయడానికి వీలుండదు. అయ్యాక ఆ కాగితం చించేయండి.

మ్రానికొమ్మల ఆదివారం ముందు రోజు 40,000 పట్టుకుని వదిన దగ్గరికి వెళ్లాను. అరుగు మీద గోతంపట్టా పరుచుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. జరిగిందంతా చెప్పాను. చేతులు కొంగుకి తుడుచుకుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. "మిగతాది?" అంది. సంక్రాంతి లోపు ఇస్తానన్నాను. కూర్చోమనలేదు. నిలబడే వచ్చేశాను.

జూన్‌లో ఇంకో 15,000 ఇచ్చాను. ఆ రోజు చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది.