బూడిద బ్లాకులతో మేడగదులు: రెండేళ్ల వాడకం తరువాత

విజయవాడ శివారులోని మా పాత డాబా మీద రెండు గదులు వేయాలనుకున్నప్పుడు, కింది పునాదులకు ఎర్ర ఇటుక గోడల బరువు ఎక్కువవుతుందని ఇంజనీరు చెప్పడంతో బొగ్గు బూడిదతో చేసే తేలికైన ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్) బ్లాకులు తెప్పించాము. ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం 1979లో మొదలైన నాటి నుంచి బొగ్గు బూడిదను దుమ్ముగానే ఎరిగిన ప్రాంతం మాది కాబట్టి, ఆ బూడిదతో గోడలు కడతారంటే మా అమ్మ నమ్మలేదు. ఇప్పటికి ఆ గదుల్లో రెండు వేసవులు, రెండు వర్షాకాలాలు గడిపాము.

దుకాణంలో 'బూడిద ఇటుకలు' అని అడిగితే ఇచ్చేవి ఇవి కావు. అవి బూడిద, రాతిపొడి, సిమెంటు కలిపి యంత్రంతో అదిమినవి, ఇంచుమించు ఎర్ర ఇటుకంత బరువుంటాయి. ఏఏసీ బ్లాకు తయారీలో బూడిద, సున్నం, సిమెంటు, జిప్సం కలిపిన జావలో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తారు. ఆ పొడి సున్నంతో కలిసి హైడ్రోజన్ వాయువును పుట్టించడంతో జావ అంతా పులిసిన ఇడ్లీ పిండిలా పొంగుతుంది. కాస్త బిగిశాక దానిని తీగలతో కోసి, సుమారు 180 నుంచి 190 డిగ్రీల వేడి ఆవిరిలో, ఒత్తిడి కింద, గంటల తరబడి ఉడికిస్తారు. లోపల మిగిలిపోయిన సన్నని గాలి గదులే దాని తేలికదనానికి కారణం. ఘనమీటరుకు 551 నుంచి 650 కిలోలు తూగే మొదటి శ్రేణి బ్లాకు చదరపు మిల్లీమీటరుకు కనీసం 4 న్యూటన్ల భారాన్ని ఓర్చుకోవాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 మూడో భాగం చెబుతోంది. పిల్లర్లు, బీముల మధ్య నింపే గోడకు ఆ బలం చాలును.

బరువు విషయంలో మాట నిలబెట్టుకుంది. 600 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 100 మందం ఉన్న ఎండిన బ్లాకు ఏడు కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. అంత చోటును నింపడానికి మన తొమ్మిదంగుళాల ఇటుకలు ఆరేడు కావాలి, వాటి బరువు ఇరవై కిలోల దాకా వస్తుంది. పడమటి గోడ మే నెల సాయంత్రాలలో కింది అంతస్తు గోడలా సెగ చిమ్మదు. అయితే స్లాబు నుంచి దిగే వేడికి ఈ బ్లాకు చేయగలిగింది ఏమీ లేదు. ఆ సంగతి అమ్మకందారులు చెప్పరు.

మాకు ఇబ్బంది వచ్చింది తడితో. సరఫరాదారు పంపిన మొదటి లారీలో బ్లాకులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, చాలా వాటికి మూలలు విరిగాయి. అవి ఆరేదాకా ఆగకుండా, మా మేస్త్రీ అలవాటుకొద్దీ ఎర్ర ఇటుకల మాదిరిగానే వాటిని నీళ్లలో నానబెట్టి, అరంగుళం మందాన సిమెంటు మాలుతో కట్టాడు. ఆరేకొద్దీ కుంచించుకుపోయే గుణం ఉన్న ఈ బ్లాకుకు అంతకన్నా కీడు లేదు. నాలుగు నెలలకే బీము, గోడ కలిసే చోట వెంట్రుకవాసి పగుళ్లు వచ్చాయి. రెండో గదికి బ్లాకులను పట్టా కప్పి ఆరబెట్టి, సంచుల్లో వచ్చే ప్రత్యేక జిగురు మాలును రెండు మూడు మిల్లీమీటర్ల మందానే రాసి, బీము వెంట చికెన్ మెష్ (సన్నని తీగల వల) కొట్టి ప్లాస్టరింగ్ చేయించాము. ఆ గదిలో ఇంతవరకు పగులు లేదు. కాబట్టి మొదటి గది పగుళ్లకు బ్లాకును పూర్తిగా తప్పు పట్టలేను. జిగురు మాలు సంచి ఖరీదు చూసి వెనకాడినవాణ్ణి నేనే.

కరెంటు పైపులకు గాడి తీయడం రంపంతో సులువుగా అయిపోయింది, కానీ అదే మెత్తదనం వల్ల మామూలు మేకు నిలవదు. టీవీకి బిగించిన స్క్రూలు వారంలోనే ఊడివచ్చాయి. ఈ బ్లాకులకని అమ్మే పొడవాటి నైలాన్ ప్లగ్గులు వేశాకే పట్టు దొరికింది. గిన్నెల అలమర వచ్చే చోట మాత్రం, మేస్త్రీ తనంతట తానే ఆలోచించి, గోడ కట్టేటప్పుడే రెండు వరుసలు ఎర్ర ఇటుక పెట్టాడు. ఆ అలమర ఇప్పటికీ కదలలేదు.