బోర్డింగ్ స్కూల్లో యాంటీ రేసిజం కార్యక్రమాలు: పగలు బాగున్నాయి, రాత్రి డార్మ్‌లో కనిపించవు

మా అమ్మాయి అమెరికాలో, న్యూ ఇంగ్లండ్ వైపు ఒక ప్రైవేట్ బోర్డింగ్ స్కూల్లో తొమ్మిదో తరగతి నుంచి చదువుతోంది. పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి స్కూల్ పేరు రాయను. చదువు, ఆటలు, కాలేజీ కౌన్సెలింగ్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. డైవర్సిటీ, యాంటీ రేసిజం పేరుతో స్కూల్ ఏం చేస్తుందో, అది పిల్లల దాకా ఎంతవరకు చేరుతుందో మన తెలుగు తల్లిదండ్రులు రాయగా నేను చూడలేదు. ఏడాదికి 70 వేల డాలర్లకు అటూ ఇటూగా ఫీజు కట్టే చోట ఇది కూడా మనం డబ్బిచ్చి తీసుకుంటున్న సర్వీసే కదా, గదినీ భోజనాన్నీ చూసినట్టే దీన్నీ చూడాలి. నా రేటింగ్ 5కి 3.

ముందు ఒక మాట. అక్కడ ఏ ప్రైవేట్ స్కూల్ వెబ్‌సైట్ చూసినా, ఏ జాతివాళ్లనైనా ఏ రంగువాళ్లనైనా చేర్చుకుంటాం అని ఒక వాక్యం కనిపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోకండి. పన్ను మినహాయింపు కావాలంటే ఆ మాట బహిరంగంగా ప్రకటించాలని ఐఆర్ఎస్, అంటే అక్కడి పన్నుల శాఖ, 1975లోనే నిబంధన పెట్టింది. ఆ మరుసటి ఏడాది, 1976లో, రన్యన్ వర్సెస్ మెక్రారీ కేసులో సుప్రీంకోర్టు, ప్రైవేట్ స్కూల్ అయినా సరే జాతి చూసి పిల్లల్ని కాదనకూడదని 1866 నాటి పౌరహక్కుల చట్టం ఆధారంగా తేల్చేసింది. కాబట్టి చేర్చుకోవడం వరకు చట్టమే చూసుకుంటుంది. చేరాక ఆ పిల్లని ఎలా చూస్తారన్నది స్కూల్ చేతిలో ఉంటుంది, నేను మార్కులు వేస్తున్నది దానికే.

మెచ్చుకోవాల్సినవి ముందు చెప్తాను, ఎందుకంటే ఉన్నాయి. అన్నిటికన్నా బాగా చేసింది డబ్బు విషయం. మా అమ్మాయి రూమ్మేట్ ఆఫ్రికన్ అమెరికన్, పూర్తి స్కాలర్‌షిప్ మీద వచ్చింది. 'ఎ బెటర్ ఛాన్స్' లాంటి సంస్థలు 1963 నుంచి, న్యూయార్క్‌లో 'ప్రెప్ ఫర్ ప్రెప్' అనే సంస్థ 1978 నుంచి ఇలాంటి స్కూళ్లకి పిల్లల్ని పంపుతున్నాయి. అయితే ట్యూషన్ మాఫీ అయినంత మాత్రాన పిల్ల అక్కడ బతకలేదు. చలికోటు కావాలి, లాండ్రీకి కావాలి, థాంక్స్‌గివింగ్‌కీ క్రిస్మస్‌కీ డార్మ్‌లు, అంటే పిల్లలుండే హాస్టళ్లు, మూసేస్తే ఇంటికెళ్లడానికి టికెట్ కావాలి, ఇంటికి వెళ్లలేని పిల్లకి ఆ రోజుల్లో ఎక్కడుండాలో తెలియాలి. ఈ స్కూల్ వీటన్నిటినీ ఎయిడ్‌లోనే కలిపి ఇస్తుంది, ఏ పిల్లా ఆఫీసుకెళ్లి చేయి చాచి అడగక్కర్లేదు. ఆ చుట్టుపక్కల ఊళ్లో నల్లజాతి అమ్మాయిల జుట్టు చూసుకోవడం తెలిసిన సెలూన్ ఒక్కటీ లేదు, అందుకని నగరం నుంచి ఒకావిడను క్యాంపస్‌కి పిలిపిస్తారు. కొత్తవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, రూమ్మేట్ వాళ్లమ్మ నాతో ఫోన్లో మాట్లాడినప్పుడు స్కూల్ గురించి మొట్టమొదట చెప్పిన మంచి మాట ఇదే.

క్లాసురూమ్‌లో కూడా పని జరిగింది. ఈ స్కూళ్లలో చాలా చోట్ల పన్నెండుమంది దాకా పిల్లలు ఒక పెద్ద బల్ల చుట్టూ కూర్చుని చర్చించుకుంటూ నేర్చుకుంటారు. ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే దాత 1930లో ఇచ్చిన విరాళంతో ఎక్సెటర్ అనే బోర్డింగ్ స్కూల్లో మొదలైన పద్ధతి ఇది. పద్ధతి గొప్పదే, కాకపోతే బానిసత్వం గురించో వలసల గురించో పాఠం వచ్చినప్పుడు బల్ల దగ్గరున్న ఒకే ఒక్క నల్లజాతి పిల్ల వైపు అందరి చూపులూ తిరుగుతాయి. నీ జాతి తరఫున నువ్వు చెప్పు అని ఏ పిల్లనీ అడగొద్దని ఇక్కడ టీచర్లకు గట్టిగా శిక్షణ ఇచ్చారు, వాళ్లు పాటిస్తున్నారు కూడా. మార్టిన్ లూథర్ కింగ్ డే రోజు క్లాసులు ఆపేసి వర్క్‌షాపులు పెడతారు, అవి ఒక్కో ఏడు ఒక్కోలా ఉంటాయి, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అఫినిటీ గ్రూపులు, అంటే ఒకే నేపథ్యం ఉన్న పిల్లలు వారానికోసారి కలుసుకునే బృందాలు, మా అమ్మాయికి మొదటి సంవత్సరం బాగా ఆసరా అయ్యాయి.

ఇక రాత్రి సంగతి. డే స్కూల్ పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ ఒళ్లో పడి ఏడుస్తుంది, బోర్డింగ్ స్కూల్ పిల్లకి ఆ వీలు లేదు. తనని మాట అన్న పిల్లతోనే బ్రష్ చేసుకోవాలి, అదే కామన్ రూమ్‌లో కూర్చోవాలి, పొద్దున అదే డైనింగ్ హాల్‌కి వెళ్లాలి. ఒక శనివారం రాత్రి కామన్ రూమ్‌లో పాట పెట్టుకుని ఒకమ్మాయి అందులో ఉన్న ఎన్-వర్డ్‌ని, అంటే నల్లజాతివాళ్లని తిట్టే మాటని, గట్టిగా పాడింది, రూమ్మేట్ ఆపమంది, పాటలో ఉన్నదేగా అని మళ్లీ పాడింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన టీచర్. పగలు పాఠాలు, సాయంత్రం కోచింగ్, రాత్రి డార్మ్ డ్యూటీ, అన్నీ ఆ ఒక్క మనిషి నెత్తిమీదే. ఇప్పుడు పడుకోండి, సోమవారం చూద్దాం అన్నారు. ఆ టీచర్‌ని నేను తప్పుపట్టను, ఇలాంటిది జరిగితే ఆ రాత్రి ఏం చేయాలో డ్యూటీ టీచర్లకు స్కూల్ చెప్పనేలేదు.

సోమవారం డైవర్సిటీ డైరెక్టర్ రూమ్మేట్‌ని పిలిచి, ఇద్దరినీ కూర్చోబెట్టి సర్కిల్, అంటే ఎదురెదురుగా మాట్లాడించే సమావేశం, పెడతాం, నీకెలా అనిపించిందో ఆ అమ్మాయికి వివరించు అన్నారు. పదిహేనేళ్ల పిల్ల, మర్నాడు కెమిస్ట్రీ పరీక్ష, ఆ మాటలో తప్పేముందో తనని అన్నవాళ్లకే తను పాఠం చెప్పాలట. నాకొద్దు అంది. తను వద్దంది కాబట్టి విషయం అక్కడితో ముగిసిపోయింది, అవతలి అమ్మాయితో పెద్దవాళ్లెవరూ కూర్చుని మాట్లాడలేదు, వాళ్లింటికి ఫోన్ వెళ్లలేదు. అంటే గాయపడ్డ పిల్ల ఒప్పుకుంటేనే స్కూల్ కదులుతుంది, ఒప్పుకోకపోతే ఏమీ జరగనట్టే. నేను 2 మార్కులు కోసేసింది ఇక్కడే, వాటిలో సగం కూడా వెనక్కి ఇవ్వాలనిపించడం లేదు. 2020లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో 'బ్లాక్ ఎట్' అని స్కూళ్ల పేర్లతో వచ్చిన పేజీలు మీరు చూసే ఉంటారు, పూర్వ విద్యార్థులు అక్కడ రాసుకున్నవాటిలో ఎన్నో ఇలాంటివే. చెప్పాం, విన్నారు, ఆ తర్వాత ఏమైందో తెలీదు. ఆ పేజీలు వచ్చాకే చాలా స్కూళ్లు ఈ డైవర్సిటీ ఆఫీసులు పెట్టాయి, ఉన్నవాటిని పెంచాయి. మరి ఆ ఫిర్యాదుకి జవాబు ఈ ఆఫీసు దగ్గర లేకపోతే ఎలా?

ఇంకో సంగతి మనవాళ్లకి సంబంధించింది, దీన్ని కొంచెం నిదానంగా చదవండి. ఇండియన్ పిల్లలందరినీ సౌత్ ఏషియన్ గ్రూప్‌లో వేస్తారు, వేశాక అక్కడ అందరూ సమానమే అని స్కూల్ అనుకుంటుంది. ఆ గ్రూప్‌లోనే ఒక తెలుగబ్బాయి ఇంకో తెలుగబ్బాయిని ఇంటిపేరు అడిగి, అర్థం కాక, మీరేంటోళ్లు అని అడిగాడు. అడిగించుకున్న పిల్లవాడు ఆ తర్వాత గ్రూప్‌కి రావడం మానేశాడు. పక్కనే ఉన్న అమెరికన్ టీచర్‌కి అది ఇద్దరు పిల్లల పరిచయంలా కనిపించింది. ఆ ప్రశ్న ఎక్కడ తగులుతుందో మనకి తెలుసు, దాన్ని అక్కడిదాకా మోసుకెళ్లింది మన ఇళ్లే. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధించాయి. కాలిఫోర్నియాలో శాసనసభ పాస్ చేసిన బిల్లును అదే 2023లో గవర్నర్ వీటో చేశారు. ఇవన్నీ చూపించి డీన్‌కి మెయిల్ పెట్టాను. ఆయన నన్ను పిలిచి చాలాసేపు విన్నారు, మరుసటి ఏడాది హ్యాండ్‌బుక్‌లో కులం అన్న మాట చేరింది. దీనికి నాకు నిజంగా సంతోషం. అయితే డార్మ్ టీచర్లలో ఒక్కరికైనా ఆ మాటంటే ఏంటో చెప్పారా అని అడిగితే, ఇంకా లేదన్నారు. పుస్తకంలోకి వచ్చింది, డ్యూటీ గదిలోకి రాలేదు. నా మాట విని కొందరు తెలుగు పేరెంట్స్ నొచ్చుకున్నారు, మన పిల్లల మీద మనమే మచ్చ వేస్తున్నామా అని. మన పిల్లల యాసని ఎవరో వెక్కిరిస్తే మండిపోయి మెయిల్స్ పెట్టే మనం దీని దగ్గర నోరు మూసుకోవడం న్యాయం కాదు.

2025 మొదట్లో ఫెడరల్ ప్రభుత్వం డీఈఐకి (డైవర్సిటీ, ఈక్విటీ, ఇంక్లూజన్ కార్యక్రమాలకి) వ్యతిరేకంగా ఆర్డర్లు జారీ చేశాక ఈ స్కూల్ కూడా ఆఫీసు పేరు మార్చింది, ఇప్పుడది బిలాంగింగ్ ఆఫీసు. పేరు సంగతి నాకంత పట్టింపు లేదు. సెలూన్ ఆవిడ ఇంకా వస్తోందా, సెలవుల టికెట్ ఇంకా ఇస్తున్నారా అని కనుక్కున్నాను, ఉన్నాయి.

మీ పిల్లల్ని ఇలాంటి చోటికి పంపాలనుకుంటే క్యాంపస్ టూర్‌లో బ్రోషర్ ఫొటోలు చూసి ఊరుకోకండి. శనివారం రాత్రి పదకొండింటికి ఎవరైనా మా పిల్లని జాతి పేరుతో మాట అంటే ఆ రాత్రే ఎవరు వస్తారు, మాకు ఎప్పుడు చెప్తారు, మా పిల్ల మాట్లాడనంటే అప్పుడేం చేస్తారు అని అడగండి. ఎడ్మిషన్స్ వాళ్లు డైవర్సిటీ డైరెక్టర్ వైపు చూపిస్తే, డార్మ్ హెడ్‌తోనే మాట్లాడతాం అనండి. మా అబ్బాయికి ఈ జనవరిలో అప్లికేషన్లు పెడుతున్నాం, ఈ స్కూల్ కూడా లిస్టులో ఉంది. డార్మ్ డ్యూటీ టీచర్లకు రాతపూర్వకంగా ఒక పద్ధతి ఇస్తామని పేరెంట్స్ మీటింగ్‌లో మాటిచ్చారు. అది చేతికొచ్చి, ఒక డార్మ్ టీచర్ నోటితో దాన్ని విన్న రోజు ఈ రేటింగ్ 4కి మారుస్తాను.