కామన్ లాలో ఏడాది ఎల్‌ఎల్‌ఎం: చేరాలనుకునేవాళ్ల కోసం నా రివ్యూ

అయిదుకి నాలుగు స్టార్లు. చదువు చెప్పే పద్ధతికి, ముఖ్యంగా సెమినార్లకి, నిజానికి అయిదు ఇవ్వాలి, కానీ క్లాసు హ్యాండవుట్లు, డిజర్టేషన్ (చివర్లో రాసే పరిశోధనా వ్యాసం) గైడెన్స్ విషయంలో ఒకటి తగ్గించక తప్పలేదు. ఎందుకో కింద వివరంగా రాస్తాను. బ్రోషర్లలో మాడ్యూళ్ల పేర్లు, ఫొటోలు, పాత విద్యార్థుల నాలుగు మంచి మాటలు ఉంటాయే తప్ప క్లాసులో కూర్చుంటే ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు, చేరాలా వద్దా అని తేల్చుకోవాల్సింది మాత్రం దాన్ని బట్టే.

నేను చేసింది కామన్ లాలో, అంటే పాత తీర్పులే ఆధారంగా నడిచే ఇంగ్లిష్ తరహా చట్టంలో, ఫుల్‌టైమ్ పీజీ కోర్సు. కాంట్రాక్ట్, టార్ట్స్ (ఒకరి వల్ల ఇంకొకరికి జరిగిన హానికి పరిహారం గురించిన చట్టం), ఈక్విటీ-ట్రస్టులు (కామన్ లాకి తోడుగా న్యాయం కోసం కోర్టులు పెంచిన సూత్రాలు, ఒకరి కోసం ఇంకొకరు ఆస్తి చూసే ఏర్పాట్లు), కామన్ లా దేశాలని పోల్చి చదివే పేపర్ ఒకటి, చివర్లో డిజర్టేషన్. యూనివర్సిటీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఈ తరహా కోర్సులు చాలావాటిలో కనిపిస్తాయి.

అన్నిటికంటే నచ్చింది ముందు చెప్తా. తీర్పులు పూర్తిగా చదివిస్తారు. ఇదేం గొప్ప అనుకుంటారేమో, ఎల్‌ఎల్‌బీలో మనలో చాలామంది డోనహ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్ కేసుని గైడులో నాలుగు లైన్లుగా చదివి పరీక్ష రాసి వచ్చేసినవాళ్లమే: స్నేహితురాలు కొనిచ్చిన జింజర్ బీర్ సీసా, అందులో నత్త, తాగిన డోనహ్యూకి జబ్బు, పొరుగువాడి సూత్రం (మన పని వల్ల నష్టపోగలవాళ్ల పట్ల జాగ్రత్తగా ఉండాలన్నది), తయారీదారుడి బాధ్యత, అయిపోయింది. ఇక్కడ మొదటి వారమే మొత్తం తీర్పు చేతిలో పెట్టారు. 1928 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని పెయిస్లీలో జరిగిన సంగతి, 1932లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురు అటు, ఇద్దరు ఇటుగా తేల్చింది. సెమినార్‌లో ప్రొఫెసర్ గారు "ఈ కేసులో సూత్రం ఏమిటి" అని అడగలేదు. సీసా ముదురు రంగు గాజుది కాకుండా లోపలున్నది కనిపించే గాజుదైతే తీర్పు మారేదా అని అడిగారు. డ్రింక్ కొన్న స్నేహితురాలే తాగి ఉంటే? తాగేది కాకుండా తొడుక్కునేదైతే? ఒక్కో ప్రశ్నకీ ఎవరో ఒకరు జవాబు చెప్పడం, నెగ్గిన వైపు ప్రధాన తీర్పు రాసిన లార్డ్ అట్కిన్ వాడిన మాటలే చూపించి ఇంకొకరు దాన్ని కొట్టెయ్యడం. తొడుక్కునేది అన్న ప్రశ్నకి జవాబు 1935 నాటి ఆస్ట్రేలియా కేసులో ఉంది, గ్రాంట్ అనే డాక్టరు కొత్త ఊలు లోదుస్తులు వేసుకుంటే వాటిలో మిగిలిపోయిన రసాయనం వల్ల చర్మవ్యాధి వచ్చింది, అప్పట్లో ఆస్ట్రేలియా అప్పీళ్లు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆయనకీ డోనహ్యూ సూత్రాన్నే వర్తింపజేసింది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదివితే సూత్రం ఒక కేసు నుంచి ఇంకో కేసుకి ఎలా జరిగిందో కళ్లముందు కనిపిస్తుంది. ఏ టెక్స్ట్‌బుక్కూ ఇంత స్పష్టంగా చూపించలేదు నాకు.

ఇంకో సంగతి, ఆ సీసాలో నత్త ఉందని ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. చెప్పినవన్నీ నిజమే అనుకుంటే దావా నిలబడుతుందా లేదా అన్నదే లార్డ్స్ తేల్చింది. అసలు విచారణ జరగకముందే తయారీదారుడు స్టీవెన్‌సన్ చనిపోయాడు, తర్వాత కేసు రాజీ అయింది. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరైన లార్డ్ బక్‌మాస్టర్ తీర్పు కూడా తప్పనిసరి రీడింగే. ఓడిపోయిన వాదన కదా, బలహీనంగా ఉంటుందిలే అనుకుని మొదలుపెడితే చాలా పకడ్బందీగా ఉంటుంది. అప్పటికున్న కేసులని బట్టి చూస్తే ఆయన వైపే న్యాయం ఉందనిపిస్తుంది కూడా. ఆ తర్వాత అట్కిన్ చేసింది ఎంత పెద్ద పనో అర్థమవుతుంది.

కాంట్రాక్ట్ పేపర్లో నా దృష్టిలో మొత్తం ఫీజుకి సరిపడా ఇచ్చిన వారం ఒకటుంది, ఫోక్స్ వర్సెస్ బీర్, 1884. డాక్టర్ ఫోక్స్ రెండు వేల పౌండ్లకి పైగా బాకీ, వాయిదాల్లో కడితే చర్య తీసుకోనని మిసెస్ బీర్ ఒప్పుకుంది, ఆయన అసలు మొత్తం కట్టాక వడ్డీ కూడా కావాలంది. హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆవిడకే గెలుపిచ్చింది, ఎందుకంటే ఉన్న బాకీలో తక్కువ కట్టడం కొత్త ప్రతిఫలం (కన్సిడరేషన్, అంటే ఇచ్చిన మాటకి బదులుగా ఎదుటివాళ్లు ఇచ్చేది) కాదు. దీని మూలం 1602 నాటి పినెల్ కేసులో ఉంది. బాకీకి బదులు డేగో గుర్రమో అంగీయో ఇస్తే తీరిపోవచ్చు గానీ తక్కువ డబ్బు ఇస్తే తీరదని అందులో అన్నారు. గైడులో ఇంతే ఉంటుంది. పూర్తి తీర్పు చదివితే లార్డ్ బ్లాక్‌బర్న్ కనిపిస్తాడు. వ్యాపారం చేసేవాళ్లందరూ మొత్తం వసూలు కోసం పట్టుబట్టి కూర్చోవడం కంటే కొంతైనా వెంటనే చేతికి రావడమే మేలనుకుంటారని, రోజూ దాని ప్రకారమే నడుచుకుంటారని ఆయన వాదన. తోటి జడ్జీలు ఒప్పుకోలేదు, ఆయన మనసు పూర్తిగా సమాధానపడకపోయినా భిన్న తీర్పు ఇవ్వకుండా ఊరుకున్నాడు. ఆ ఒక్క సందేహం నూట ముప్ఫై ఏళ్లకి పైగా బతికే ఉంది. 2018లో రాక్ అడ్వర్టైజింగ్ కేసులో లార్డ్ సంప్షన్ కూడా ఈ సూత్రాన్ని మళ్లీ పరిశీలించాల్సిన సమయం వచ్చి ఉండొచ్చని, కానీ అందుకు ఇది సరైన కేసు కాదని వదిలేశారు. ఇలాంటి దారం పట్టుకుని మూడు నాలుగు శతాబ్దాలు నడవడం ఒక్కరే కూర్చుని చేసుకోవడం కష్టం, ఏది ముందు చదవాలో ఏది పక్కన పెట్టాలో తెలిసిన మనిషి ఉండాలి. మీరు కట్టే ఫీజు దానికి.

క్లాసులో సగం మంది సివిల్ లా దేశాల నుంచి, అంటే తీర్పుల కంటే రాసిపెట్టిన కోడ్ ప్రకారం నడిచే దేశాల నుంచి, వచ్చినవాళ్లు. మొదట్లో వాళ్లకి చాలా టెన్షన్, ఏ రూల్ చెప్పినా "ఇది ఏ కోడ్‌లో ఉంది, ఏ ఆర్టికల్" అని వెతుక్కునేవాళ్లు. కానీ వాళ్ల ప్రశ్నల వల్ల బాగుపడింది మేము. కామన్ లాలో పుట్టి పెరిగినవాళ్లం కన్సిడరేషన్ ఎందుకు అని ఎప్పుడూ అడగం, ఉంది కాబట్టి ఉంది. అది లేకుండా కాంట్రాక్టులు నిక్షేపంగా నడుస్తున్న దేశం నుంచి వచ్చిన మనిషి పక్కన కూర్చుని "మరి మీకెందుకు" అంటే అప్పుడు ఆలోచించడం మొదలవుతుంది. కోర్సు ఎంచుకునేటప్పుడు క్లాసులో ఎవరెవరు ఉంటారో కనుక్కోండి, దానికి చాలా విలువుంది.

పోల్చి చదివే పేపర్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, కోర్సు మొత్తంలో బెస్ట్ అదే. రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ అందరికీ తెలిసిందే, మిల్లు కోసం కట్టిన రిజర్వాయర్ నీళ్లు పక్కవాడి బొగ్గు గనిలోకి వెళ్లాయి, 1868. ప్రమాదకరమైనది తన స్థలంలోకి తెచ్చుకున్నవాడు అది బయటికి వెళ్లి చేసే నష్టానికి, తన తప్పు లేకపోయినా బాధ్యుడే అన్న అసలు సూత్రాన్ని కింది కోర్టులో రాసిన జడ్జి ఇందాక చెప్పిన బ్లాక్‌బర్నే, లార్డ్ కాకముందు. ఇదే కేసుని నాలుగు వారాల పాటు దేశం దేశం తిప్పారు. ఇంగ్లండ్ దాన్ని బతకనిచ్చింది గానీ కుదించుకుంటూ పోయింది, 1993లో కేంబ్రిడ్జ్ వాటర్ తీర్పు ఎలాంటి నష్టం జరగవచ్చో ముందుగా ఊహించగలిగి ఉండాలంది, 2003లో ట్రాన్స్‌కో ఇంకా బిగించింది. ఆస్ట్రేలియా హైకోర్టు 1994లో బర్నీ పోర్ట్ కేసులో అసలు ఈ రూల్ విడిగా అక్కర్లేదు, నెగ్లిజెన్స్ (అజాగ్రత్త వల్ల వచ్చే బాధ్యత) రూల్లో కలిపేద్దామంది. భారత సుప్రీంకోర్టు సరిగ్గా దీనికి ఎదురు దిక్కుకి వెళ్లింది. ఓలియం గ్యాస్ లీక్ మీద ఎం.సి. మెహతా కేసులో 1986 డిసెంబర్‌లో, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాళ్లకి రైలాండ్స్‌లో ఉన్న మినహాయింపులేవీ వర్తించవు, బాధ్యత సంపూర్ణం అని చెప్పింది, పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ రూల్ దగ్గరే ఆగిపోవాల్సిన పని తమకి లేదని కూడా తేల్చేసింది. అక్కడికి రెండేళ్ల క్రితమే భోపాల్ జరిగింది, ఆ నేపథ్యం తెలియకుండా ఆ తీర్పు చదివితే సగమే అర్థమవుతుంది. ఒకే విత్తనం, మూడు నేలల్లో మూడు చెట్లు. కామన్ లా అంటే ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒకే మాట అనుకునేవాళ్లకి ఈ పేపర్ చదివించాలి. ప్రతి దేశపు కోర్టూ మిగతావాళ్ల తీర్పులు చదువుతూనే తన దారి తాను చూసుకుంటుంది, అందులో ఉండే గౌరవం, అందులోనే ఉండే స్వాతంత్ర్యం రెండూ నాకు చాలా నచ్చాయి.

ఈక్విటీ బాగుంది, బాగా చెప్పారు, కానీ ట్రస్టుల భాగం చాలా వేగంగా లాగించారు. ముందే కాస్త చదువుకుని వెళ్తే మంచిది.

ఇక ఫిర్యాదులు. టార్ట్స్ మాడ్యూల్లో ఇచ్చిన హ్యాండవుట్ పాతది. డ్యూటీ ఆఫ్ కేర్ (ఎదుటివాళ్లకి హాని జరక్కుండా జాగ్రత్త పడాల్సిన బాధ్యత) అనగానే 1990 నాటి కపారో కేసు నుంచి మూడు మెట్ల టెస్ట్ అని రాసి, ప్రతి కేసుకీ అదే పెట్టి చూడమన్నట్టుగా ఉంది. 2018లో రాబిన్సన్ కేసు వచ్చింది. డ్రగ్స్ అమ్మేవాణ్ని పట్టుకోబోతూ పోలీసులు దారిన పోయే ఒక పెద్దావిడ మీద పడ్డారు, ఆవిడకి దెబ్బలు తగిలాయి. కపారోలో అలాంటి టెస్టేమీ లేదు, ఉన్న పూర్వ తీర్పులని బట్టి మెల్లగా అడుగు ముందుకెయ్యాలని ఆ కేసులో లార్డ్ రీడ్ స్పష్టంగా రాశారు. ఇది చిన్న తేడా కాదు. పూర్వ తీర్పులే ఆధారంగా నడిచే చట్టాన్ని పీజీ స్థాయిలో చెప్తూ, యూకే సుప్రీంకోర్టు ఏళ్ల క్రితమే సరిదిద్దిన విషయాన్ని హ్యాండవుట్‌లో అలాగే ఉంచెయ్యడం నాకు అస్సలు నచ్చలేదు. సెమినార్ చెప్పిన లెక్చరర్ నోటిమాటగా సరిచేశారు, అది ఆవిడ మంచితనం, కానీ హ్యాండవుట్ మాత్రం ఏడాది చివరిదాకా అలాగే ఉంది.

రెండోది డిజర్టేషన్. ఇలాంటి కోర్సుల్లో సాధారణంగా 10 నుంచి 15 వేల పదాలు రాయాలి, మొత్తం మార్కుల్లో దాని వాటా చిన్నదేం కాదు. అది రాసేదేమో వేసవి సెలవుల్లో, సరిగ్గా అప్పుడే గైడ్ చేసేవాళ్లు ఊళ్లో ఉండరు. మెయిల్ పెడితే జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా రెండు లైన్లు. ఎస్సేల మీద ఫీడ్‌బ్యాక్ కూడా తర్వాతి ఎస్సే ఇచ్చేసిన తర్వాత వచ్చేది, అలా వచ్చిన ఫీడ్‌బ్యాక్ ఎవరికి పనికొస్తుంది.

లైబ్రరీ డేటాబేసులు బ్రహ్మాండం, వెస్ట్‌లా, లెక్సిస్ రెండూ ఉన్నాయి. అయితే వాటి కోసమే చేరక్కర్లేదని కూడా చెప్పాలి. ఇంగ్లండ్ తీర్పులు బెయిలీ (BAILII) సైట్‌లోనూ, 2022 నుంచి నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి, ఆస్ట్రేలియావి ఆస్ట్‌లీ (AustLII)లో, కెనడావి కాన్‌లీ (CanLII)లో ఉంటాయి. యూకే సుప్రీంకోర్టు సైట్‌లో తీర్పుతో పాటు చిన్న సారాంశం, విచారణ వీడియోలు కూడా పెడతారు. చేరకముందే ఒక తీర్పు తీసుకుని మొదటి పేరా నుంచి చివరిదాకా చదివి చూడండి, మధ్యలో విసుగొచ్చి సారాంశం వెతుక్కోవాలనిపిస్తే ఈ కోర్సు మీకు భారమే అవుతుంది, వారానికి ఇలాంటివి చాలానే చదవాలి.

ఇంకొక్కటి, దీని గురించి చాలామందిలో అపోహ ఉంది. ఈ డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన ఎక్కడా లాయర్ అయిపోరు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (క్లయింట్లకి నేరుగా పనిచేసే లాయర్) కావాలంటే 2021లో మొదలైన ఎస్‌క్యూఈ అర్హత పరీక్షలు, వాటితో పాటు రెండేళ్ల పని అనుభవం ఉండాలి, బారిస్టర్ (ముఖ్యంగా కోర్టులో వాదించే లాయర్) దారి వేరే, బార్ కోర్సు, ఆ తర్వాత ప్యూపిలేజ్, అంటే సీనియర్ దగ్గర శిక్షణ. న్యూయార్క్ బార్ పరీక్షకి కొందరు విదేశీ లా గ్రాడ్యుయేట్లకి ఎల్‌ఎల్‌ఎం దారి చూపిస్తుంది గానీ, అది అమెరికాలో గుర్తింపు ఉన్న లా స్కూల్లో, నిర్ణీత సబ్జెక్టులతో, కనీసం 24 క్రెడిట్లు చేసినదై ఉండాలి, వేరే దేశంలో చేసిన కామన్ లా ఎల్‌ఎల్‌ఎం దానికి పనికిరాదు. లైసెన్సే లక్ష్యమైతే ఆ దారి నియమాలు చదువుకుని డబ్బు అటు పెట్టండి. టీచింగ్, రీసెర్చ్, ఆర్బిట్రేషన్, అంతర్జాతీయ కాంట్రాక్టుల డ్రాఫ్టింగ్ లాంటి పనుల్లో ఉన్నవాళ్లకి, లేదా అప్పీళ్లు వాదించే లాయర్లకి మాత్రం ఈ చదువు నేరుగా ఉపయోగపడుతుంది, ఒక తీర్పులో ఏది కట్టడి చేస్తుందో ఏది చెయ్యదో విడదీసి చూపించే నేర్పు వాళ్లకి రోజూ కావాలి.

అడ్మిషన్ ఆఫర్ వచ్చాక ఫీజు కట్టేముందు వాళ్లకి ఒక మెయిల్ పెట్టి పోయిన ఏడాది రీడింగ్ లిస్ట్ పంపమని అడగండి, సెమినార్‌కి ఎంతమంది ఉంటారో, వేసవిలో డిజర్టేషన్ గైడ్‌ని ఎన్నిసార్లు కలవనిస్తారో రాతపూర్వకంగా చెప్పమనండి. లిస్ట్ వచ్చాక టార్ట్స్ పేజీ తెరిచి డ్యూటీ ఆఫ్ కేర్ కింద రాబిన్సన్ ఉందో లేదో చూడండి. లిస్ట్ పంపడానికే ఇష్టపడని చోటైతే ఇంకో యూనివర్సిటీ చూసుకోండి.