క్యారమెల్ బ్లాక్ టీ: చాలాకాలం తాగాక

హైదరాబాద్ సూపర్‌మార్కెట్లలో క్యారమెల్, వెనిలా, చాక్లెట్ వాసనల బ్లాక్ టీ డబ్బాలు ఇప్పుడు తేలిగ్గానే దొరుకుతున్నాయి. నేను తాగుతున్నది క్యారమెల్ రకం. అస్సాం ఆర్థడాక్స్ ఆకు (పొడి చేయకుండా చుట్టి ఆరబెట్టినది), సన్నటి క్యారమెల్ ముక్కలు, కొన్ని బాదం పలుకులు, ఆకు మీద పట్టించిన ఫ్లేవర్ – ఇవీ అందులో ఉండేవి.

మూత తీయగానే పంచదార పాకం ముదిరి రంగు తిరిగేటప్పటి వాసన గుప్పుమంటుంది. కప్పులో ఆ తీపి ఉండదు, కొనేముందే ఈ సంగతి తెలియాలి. కప్పుకు రెండు మూడు ముక్కలు పడతాయి, వాటిలోని చక్కెర వగరును దాటి నాలుకకు అందదు. పావు చెంచా చక్కెర వేస్తే చాలు, క్యారమెల్ రుచి ఒక్కసారిగా పైకి వస్తుంది. బెల్లం మాత్రం వద్దు. దాని వాసన దీన్ని మింగేస్తుంది.

200 మి.లీ. నీళ్లకు 2.5 గ్రాములు నా లెక్క. చెంచా కొలత నమ్మకండి: ఆకు పొడుగ్గా తేలిగ్గా ఉంటుంది, ముక్కలు బరువు, ఒక చెంచాకూ ఇంకో చెంచాకూ పొంతన ఉండదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న మన ఊళ్లో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కాబట్టి చల్లార్చే పని లేదు, మరిగిన నీళ్లు నేరుగా ఆకు మీద పోసి వెంటనే మూత పెట్టాలి. మూత లేకపోతే మీరు డబ్బు పెట్టి కొన్న వాసన ఆవిరితో పోతుంది. మూడు నిమిషాలకు వడకట్టాలి. రెండు నిమిషాలకే తీస్తే వాసన ఉంటుంది కానీ టీ పలుచన. నాలుగు దాటితే వగరు గొంతు పట్టేస్తుంది. పైన సన్నగా నూనె మెరుపు తేలితే కంగారు వద్దు, అది బాదం, క్యారమెల్ ముక్కల నుంచి వచ్చేదే.

బోరు నీళ్లతో మాత్రం ఈ టీ పాడవుతుంది. వాటిలోని కాల్షియం వల్ల పైన తెట్టు కడుతుంది, రంగు ఎర్రగా రాక మట్టిలా తేలుతుంది. నిమ్మచుక్క వేస్తే తెట్టు పోతుంది గానీ క్యారమెల్ కూడా పోతుంది. ఫిల్టర్ నీళ్లు వాడటమే దారి.

ఇక పాలు. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ చాలాసేపు దమ్ మీద ఉంటుంది, పాలు వేరే చిక్కగా మరుగుతాయి. ఆ మరుగుడికి గట్టి చాయ్‌పత్తి నిలుస్తుంది, ఈ ఫ్లేవర్ నిలవదు. గిన్నెలో పాలూ ఆకూ కలిపి మరిగిస్తే మిగిలేది ఖరీదైన మామూలు చాయ్. పాలు కావాలంటే 150 మి.లీ. నీళ్లకు 3.5 గ్రాములు వేసి, నాలుగు నిమిషాలుంచి, వడకట్టాక 40 మి.లీ. వేడి పాలు కలపండి. పాలలోని ప్రొటీన్ వగరును పట్టేస్తుంది, అందుకే ఆకు ఎక్కువ. ఈ టీ ఇలా తాగితేనే నిజంగా మిఠాయిలా ఉంటుంది.

ఎండాకాలానికి 150 మి.లీ. మరిగిన నీళ్లలో 5 గ్రాములు నాననిచ్చి, 150 గ్రాముల ఐస్ మీదికి వడకట్టాలి. ఫ్రిజ్‌లో మెల్లగా చల్లారిస్తే మబ్బు కడుతుంది, రుచికి నష్టమేమీ లేదు.

ముక్కలు డబ్బా అడుక్కి చేరతాయి కనుక తీసే ముందు తిరగేసి కలపాలి. వానాకాలంలో అవి తేమ పీల్చి ముద్దకడతాయి. మసాలా డబ్బాల పక్కన పెట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా పాడే. గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టినా మూడు నెలల్లో వాసన బాగా తగ్గుతుంది, ఆపైన బాదం నుంచి పాతనూనె వాసన మొదలవుతుంది. 50 గ్రాముల ప్యాకెట్‌తో ఇరవై కప్పులొస్తాయి, అంతకు మించి ఒకసారి కొనడం దండగ.

ఏ కంపెనీదైనా ఆకు మంచిదో కాదో తేల్చడానికి అదే ఆకులో రెండోసారి నీళ్లు పోసి నాలుగు నిమిషాలుంచండి. ఫ్లేవర్ చాలావరకు మొదటి నీళ్లలోనే దిగిపోతుంది, రెండోసారి ఆకు ఒంటరిగా దొరికిపోతుంది. నేను వాడేది అప్పుడు కూడా కమ్మగానే ఉంది, అందుకే మళ్లీ కొంటున్నాను. రంగూ చేదూ తప్ప ఏమీ రాని ప్యాకెట్లూ ఉన్నాయి, అక్కడ ఫ్లేవర్ నాసి ఆకును కప్పిపెడుతోందన్నమాట.

పాలు, గింజలు పడనివాళ్లు లేబుల్ తప్పక చూడాలి, క్యారమెల్ ముక్కల్లో పాలు ఉంటాయి. పక్కన తినడానికి ఉస్మానియా బిస్కెట్ బాగా కుదురుతుంది, అందులోని ఉప్పదనం క్యారమెల్‌ను లేపుతుంది. డబుల్ కా మీఠా తిన్న వెంటనే తాగితే ఈ టీ వాసనే తెలియదు.