కిల్న్ షెల్ స్కానర్ కొనాలనుకునేవాళ్లకు

సిమెంటు కిల్న్‌కి, అంటే తిరిగే పొడవాటి గొట్టం లాంటి కొలిమికి, షెల్ స్కానర్ (దాని బయటి ఉక్కు గొట్టం, అంటే షెల్, వేడిని దూరం నుంచి కొలిచే సాధనం) పెట్టిస్తే ఖర్చు గిట్టుతుందా అని మేళ్లచెరువు, జగ్గయ్యపేట వైపు ప్లాంట్లలో పనిచేసే మిత్రులు అడుగుతుంటారు. గిట్టుతుంది. సీసీఆర్‌లో (ప్లాంటు కంట్రోల్ రూంలో) దాని ముందు కూర్చునేవాడిగా నమ్మకంగా చెబుతున్నాను.

కిల్న్‌కి దూరంగా ఎత్తులో ఒక డబ్బా బిగిస్తారు. లోపల తిరిగే అద్దం షెల్ నుంచి వచ్చే పరారుణ కిరణాలను ఆ చివర నుంచి ఈ చివర దాకా గీతలు గీతలుగా చదువుతుంది. కిల్న్ ఒక చుట్టు తిరిగేసరికి చుట్టిన చాపను పరిచినట్టు షెల్ మొత్తం తెర మీదకొస్తుంది. నిమిషానికి 4 చుట్లయితే 15 సెకన్లకో బొమ్మ. లోపల క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు) 1450 డిగ్రీల దగ్గర కాలుతుంటే షెల్ లోపల వేడికి అడ్డుగా పేర్చిన ఇటుక ఎంత మిగిలిందో పెట్టి చూసే సాధనం లేదు, బయటి వేడిని బట్టి పట్టుకోవాల్సిందే.

ఇది రాకముందు షిఫ్టుకోసారి టెంపరేచర్ గన్ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నడిచేవాళ్లం. మే నెలలో ఆ నడక ఎలా ఉంటుందో నడిచినవాళ్లకే తెలుసు. రాత్రిపూట షెల్ కంటికి ఎర్రగా కనిపించిందంటే అప్పటికే 500 దాటిపోయినట్టు.

డెమోలో అందరూ చూపించేది రెడ్ స్పాట్ (షెల్ మరీ వేడెక్కిన చోటు) అలారం. నా దృష్టిలో అసలు విలువ ట్రెండ్‌ది, అంటే వేడి రోజురోజుకీ ఎటు పోతోందో చూపించే గీతది. బర్నింగ్ జోన్‌లో (క్లింకర్ కాలే భాగంలో) మామూలుగా 310 ఉండే ఒక చోటు రోజూ కొంచెం కొంచెం ఎక్కుతూ 380కి వచ్చింది. అలారం 400కి పెట్టి ఉంది, మోగలేదు. ట్రెండ్ చూసి బర్నర్ సర్దాం, ఆ చోటికి షెల్ కూలింగ్ ఫ్యాన్ తిప్పాం. ఇటుక మీద కాపుగా ఉండే క్లింకర్ కోటింగ్ మళ్లీ పట్టింది, వేడి దిగింది. కిల్న్ ఆపి చల్లార్చి ఇటుక మార్చే పని తప్పింది. చుట్టూ చల్లని పట్టీ కనిపించినా వదలకండి, లోపల రింగ్ (దారికి అడ్డంగా వలయంలా పేరుకునే గట్టి పొర) కడుతోందేమో చూడాలి.

టైర్ల (కిల్న్‌ని మోసే ఉక్కు వలయాల) కింద మాత్రం ఇది చూడలేదు. అక్కడి ఇటుకకి వేరే సెన్సర్ ఉండాల్సిందే. వాన పడితే అంకెలు పడిపోతాయి, అది తెలిసిపోతుంది. కిటికీ అద్దం మీద దుమ్ము పడితే తెలియదు: ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, అంటే ప్రమాదం వైపే తప్పుతుంది. గాలి పర్జ్ లైన్ (అద్దం మీద దుమ్ము వాలకుండా గాలి ఊదే పైపు) ఆగకుండా చూసుకోండి, అద్దం తుడవడం ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి.

మాకు సర్వీసు ఇచ్చినవాళ్లతో బాధపడ్డాం. సాఫ్ట్‌వేర్ డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న తాళం లాంటిది) పాడైతే కొత్తది వచ్చేదాకా వారాల తరబడి తెర ఖాళీ. అందుకే ఆర్డర్‌లోనే స్పేర్ డాంగిల్ రాయించుకోండి. డబ్బా బిగించే చోటుకి ముందే మీరే ఎక్కి నిలబడి, ఫ్యాన్ డక్టులు గానీ పైపులు గానీ షెల్‌కి అడ్డొస్తున్నాయేమో చూసుకోండి. పాత గన్ పారేయకండి. వారానికోసారి రెండు మూడు చోట్ల దానితో సరిచూస్తే స్కానర్ అంకెలు తప్పుతున్నాయో లేదో తెలుస్తుంది.